ఉప్పునీటి ప్రమాణం

తామ్రకూట రాజ్యంలో రాజు బతికుండగా ఏం మాట్లాడినా, చచ్చాక మాత్రం నిజమే చెబుతాడని జనం నమ్మకం. అందుకే చండకేతు మహారాజు పోయాడన్న వార్త తెల్లవారుతూనే వీధుల్లోకి పాకగానే, పొయ్యి మీది గంజి పొయ్యి మీదే వదిలేసి ఊరు ఊరంతా కోటకు బయలుదేరింది. ఏడవడానికి వెళ్ళినవాళ్ళు కొందరే. చూడ్డానికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ.

చూడదగ్గదే ఆ కొలువుకూటం. ఆ దేశానికి రాగే ధనం, రాగే దైవం. స్తంభాలకు రాగి తొడుగులు, తొడుగుల మీద అల్లుకున్న పూలతీగెలు, ఆ పూలలో ముక్కులు ముంచి తేనె తాగే చెక్కడపు పిట్టలు, పైకప్పు నుంచి వేలాడే దీపవృక్షాలు, వాటి కొమ్మకొమ్మకూ ఒక జ్వాల, వీటన్నిటి నడుమ పొడుస్తున్న సూర్యుడి ఆకారంలో పోతపోసిన సింహాసనం. చింతపండుతో తోమి తోమి దాసీల వేళ్ళు అరిగాయి గాని ఆ సూర్యుడి మెరుపు తగ్గలేదు. అంతటి సూర్యుడి నడిబొడ్డున ఇవాళ చండకేతు మహారాజు కిరీటంతో, పట్టుబట్టలతో, నొసట తిలకంతో కూర్చుని ఉన్నాడు. పక్కకు ఒరిగిపోకుండా నడుముకు పట్టు దట్టీ చుట్టి సింహాసనానికి కట్టారు. కుడిచేయి ఒక దిండు మీద, అరచేయి పైకి తిరిగి ఉంది. ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టే ఉంది గాని, బతికుండగా ఆ చేయి ఎవరికీ ఏమీ ఇచ్చిన పాపాన పోలేదు.

దీన్ని చావుకొలువు అంటారు. రాజు జబ్బుపడకుండా హఠాత్తుగా పోతే, ఆ ముందురోజు అతని దగ్గర మసలినవాళ్ళందరూ పాదాలూ కుడిచేయీ ఉప్పునీళ్ళలో తడుపుకుని, సింహాసనం ముందున్న పీఠం మీద నిలబడి, తడిచేతిని రాజు అరచేతిలో పెట్టి, "నీ ఉప్పు తిన్నాను, నీకు ద్రోహం చెయ్యలేదు" అని ప్రమాణం చెయ్యాలి. అబద్ధమాడితే శవం ఆ చేయి పట్టుకుంటుందట. ఎప్పుడైనా పట్టుకుందా అంటే తాతలూ చూడలేదు, ముత్తాతలూ చూడలేదు. శవం ఊరుకుంటుంది, అందరూ నిర్దోషులవుతారు, స్నానాలు చేసి అన్నాలు తింటారు. ఎవరికీ నొప్పిలేని మంచి ఆచారం.

ఆ ఉప్పునీళ్ళ రాగిబిందె భుజాన పెట్టుకుని పీఠం పక్కన నిలబడ్డవాడికి గుబురుగడ్డం, మాసిన తలపాగా, మోకాళ్ళ పైకి బిగించిన నీలిపంచె. చూసినవాళ్ళు ఉప్పుకొట్టు సేవకుడనే అనుకుంటారు. గడ్డం లాగి చూస్తే ఊడి చేతికి వస్తుంది. ఆ గడ్డం వెనక ఉన్నవాడు శరభాంకుడు, సున్నపుకొండ ఆశ్రమం శిష్యుడు. చెప్పకుండా మాయమైన గురువు లోహపాదుణ్ణి వెతుక్కుంటూ నెలల తరబడి దేశాలు తిరిగి, తామ్రకూటం చేరాక బజారులో ఒక మాట విన్నాడు. ఊళ్ళో రాగితో కలిపి ఇత్తడి చేసే తుత్తునాగం దొరకడం లేదట. దొరికిందంతా కోటలోకి పోతోందట. తుత్తునాగం అంత అవసరం పడే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడని శరభాంకుడికి తెలుసు. గడ్డం అతికించుకుని కోటలో కొలువుకు కుదిరాడు.

సున్నపుకొండ మీద ఆ గురుశిష్యులు ఏళ్ళ తరబడి చేసిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. కప్పల్ని చంపడం. ఒకనాడు చంపిన కప్ప కాలిని రాగి కొక్కేనికి తగిలించి, తుత్తునాగం కడ్డీ ఒక కొస కొక్కేనికీ, ఒక కొస కాలికీ తాకిస్తే ఆ చచ్చిన కాలు ఎగిరి తన్నింది. గురువు ఆ రోజు అన్నం తినలేదు. తరవాత ఒక రాగి బిళ్ళ, దాని మీద ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డముక్క, దాని మీద తుత్తునాగం బిళ్ళ, మళ్ళీ రాగి, మళ్ళీ గుడ్డ, ఇలా దొంతర పేర్చారు. ఆ దొంతర రెండు కొసలూ తడిచేతులతో పట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమని గుంజేది. గురువు దానికి లోహప్రాణం అని పేరు పెట్టాడు. శిష్యుడు జివ్వు అన్నాడు. ఆ పేర్ల దగ్గరే ఇద్దరికీ చెడింది.

"ప్రాణమే అయితే, పొద్దున చంపిన కప్ప ఎండెక్కేసరికి ఎందుకు పలకదు గురువుగారూ? ఎన్ని బిళ్ళలు పేర్చినా ఉలకదేం? మాటిమాటికీ తాకిస్తే ఇంకా తొందరగా చచ్చుబడిపోతోంది" అని అడిగాడు శరభాంకుడు. గురువుకు ఆ ప్రశ్న నచ్చలేదు. కప్ప చిన్నది కాబట్టి అన్నాడు. పెద్ద ప్రాణి కావాలన్నాడు. ఆ మాట అన్న కొద్దిరోజులకే దొంతరతో సహా మాయమయ్యాడు.

ఆ దొంతరలోని రాగి ఎక్కడిదో కూడా చెప్పాలి. గుర్రాల వర్తకుడి వేషంలో ఒక యువకుడు ఒకసారి ఆశ్రమానికి వచ్చి, వీళ్ళు చేసే పని చూసి, తిరిగి వెళ్ళాక రెండు గాడిదల మీద మేలిరకం రాగి పంపించాడు. మరోసారి వచ్చి దొంతర కొసలు తానే పట్టుకుని, జివ్వుమనగానే పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో అతను యువకుడు కాడని బయటపడిపోయింది, తామ్రకూట యువరాణి ఇందుకళనని ఆమే ఒప్పుకుంది. ఆ నవ్వు శరభాంకుడికి మోచేతి దాకా కాదు, ఇంకా పైకే తాకింది.

ఇప్పుడు ఆ ఇందుకళ తెల్లచీర కట్టుకుని, తండ్రి శవం ఎదుట, ప్రమాణం చెయ్యాల్సినవాళ్ళ వరసలో నిలబడి ఉంది. నిన్న సాయంత్రం తండ్రికి పాలగిన్నె తన చేత్తో అందించింది. ఆ పాలు తాగి పడుకున్న రాజు తెల్లవారుజామున పోయాడు. ఈ ముక్కను ఊళ్ళో చెవి చెవికీ చేర్చినవాడు మహామంత్రి దుర్దముడు. చేర్చి, తాను మాత్రం సింహాసనం పక్కన కళ్ళొత్తుకుంటూ నిలబడ్డాడు.

వంటవాళ్ళ ప్రమాణం అయింది. వింజామరలవాళ్ళది అయింది. శవం శవంలాగే ఉంది. ఆ తరవాత, కొలువులో పేర్లు పిలిచే వంది, పాలు కాచే ముసలిదాసిని పిలిచాడు.

"చెంగమ్మా!"

చెంగమ్మ పాదాలు తడుపుకుని పీఠం ఎక్కింది. "నీ ఉప్పు తిన్నాను నాయనా..." అంటూ రాజు చేతిలో చెయ్యి పెట్టింది. రాజు చూపుడువేలు లేచింది. లేచి, ఆమె మణికట్టును ఒకసారి తాకి, పడిపోయింది.

కూటమంతా ఒక్కసారి కేకవేసింది. చెంగమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మో, కదిలాడమ్మో! నేనేం చేశాను నాయనోయ్! పాలు కాచానంతే, పంచదార కూడా వెయ్యలేదు!" అంటూ కూలబడింది.

"భయపడకు చెంగమ్మా" అన్నాడు దుర్దముడు మెత్తగా. "ప్రభువు నిన్ను పట్టుకోలేదు. పాలు కాచినదానివి నువ్వే అని గుర్తుపట్టారు. పాలు అందించినవాళ్ళు ఎవరో వాళ్ళ కోసం చూస్తున్నారు."

జనం తలలన్నీ ఇందుకళ వైపు తిరిగాయి. శరభాంకుడు మాత్రం పీఠం వైపు చూశాడు. కొత్త పీఠం, రాగిరేకు తొడుగు. దాని మూల నుంచి సన్నని తీగె ఒకటి తివాచీ కిందికి పోయింది. రాజు కుడిచంక దగ్గర పట్టుబట్ట కాస్త ఉబ్బి ఉంది. గురువు ఎక్కడున్నాడో తెలిసిపోయింది. ఈ రాళ్ళ కిందే, తన ఉప్పుకొట్టు పక్కనే ఉన్నాడు.

మరుక్షణం రాగిబిందె అతని భుజం మీంచి జారి రాతినేల మీద ఖంగుమని పడింది. ఉప్పునీళ్ళు దుర్దముడి పట్టుపంచె మీదికి చిందాయి.

"ఒరే గుడ్డివెధవా!" అని అరిచాడు మంత్రి, ఏడుపు మరిచిపోయి.

"తప్పైంది దొరా! చెయ్యి జారింది దొరా! నేలబడిన నీళ్ళు ప్రమాణానికి పనికిరావు గందా, మళ్ళీ కొత్త ఉప్పు కలిపి తెత్తాను!" అంటూ శరభాంకుడు బిందె ఎత్తుకుని కిందికి పరిగెత్తాడు. ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిదని అతనికి తెలుసు. ఎండెక్కుతోంది. ఇంకొంచెం సేపు గడిస్తే ఆ చేయి ఎంత పిలిచినా పలకదు.

ఉప్పుకొట్టు గోడ పక్కన ఎప్పుడూ లోపలి నుంచి గొళ్ళెం వేసి ఉండే తలుపు ఒకటుంది. శరభాంకుడు భుజంతో గుద్దాడు. గొళ్ళెం ఊడింది. లోపల మనిషెత్తు దొంతర. రాగీ తుత్తునాగమూ గుడ్డలూ, గుడ్డల్లోంచి కారే ఉప్పునీరూ. దాని పక్కన పీట మీద, చేతిలో రెండు తీగెల కొసలు పట్టుకుని, పైకప్పు బెజ్జానికి చెవి ఒగ్గి లోహపాదుడు కూర్చుని ఉన్నాడు. నెరిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

శరభాంకుడు గడ్డం పీకి అవతల పారేశాడు.

"శరభా! వచ్చావా నాయనా!" అన్నాడు గురువు. ఎలా వచ్చావని అడగలేదు. "కదిలిందా? నాకిక్కడ ఏమీ కనపడి చావదు. జనం అరుపు మాత్రం వినిపించింది. వేలు కదిలిందా, చెయ్యి మొత్తం లేచిందా?"

"వేలు."

"వేలేనా? ఇంకో వరస పేర్చాలి" అని లేవబోయాడు.

"గురువుగారూ, పైన ఎవరి ప్రాణం తియ్యబోతున్నారో తెలుసా మీకు? ఇందుకళ. ఈ రాగి పంపిన ఇందుకళ. ఆ చేయి ఆమెను పట్టుకుంటే ఆమె తల తీస్తారు!"

లోహపాదుడు ఇబ్బందిగా కదిలాడు. "మంత్రిగారు చెప్పారులే. ఒక్క పేరుకు గట్టిగా కలపమన్నారు. రాజకీయాలు మనకెందుకు నాయనా? మనకు మనిషి శరీరం ఎవరిచ్చారు? కప్పలతో ఎన్నేళ్ళని కూచుంటాం?"

"ఈ తీగెలు ఎప్పుడు బిగించారు?"

"సింహాసనానివి నిన్న సాయంత్రమే. మంత్రిగారు దగ్గరుండి..." అని గురువు ఆగిపోయాడు.

"నిన్న సాయంత్రం రాజు బతికే ఉన్నాడు గురువుగారూ."

లోహపాదుడు తీగెల కొసల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. తెలిసీ ఊరుకున్నాడని శరభాంకుడికి అర్థమైంది. తనకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి. ఒళ్ళు మండిపోయి బిందె రెండు చేతులా ఎత్తి దొంతర మీదికి విసరబోయాడు.

గురువు దభాలున కిందపడి అతని కాళ్ళు పట్టుకున్నాడు. "వద్దు శరభా! వద్దు! మనిద్దరం పేర్చింది నాయనా! కలపను. నా విద్య మీద ఒట్టు. ఆ పిల్ల పేరు పిలిచినా కలపను. పగలగొట్టకు!"

అదే సమయానికి పైమెట్ల మీంచి భటుడి కేక వినిపించింది. "ఏరా ఉప్పోడా! సముద్రానికి పోయావా నీళ్ళకి?"

విద్య మీద ఒట్టు వేసిన గురువును నమ్మకుండా ఉండటం ఏ గురువూ ఏ శిష్యుడికీ నేర్పలేదు. శరభాంకుడు బిందె దించాడు. ఉప్పు కలిపి, గడ్డం అతికించుకుని, ఎన్ని విధాల ఆలస్యం చెయ్యవచ్చో అన్ని విధాలా ఆలస్యం చేసి పైకి వచ్చాడు.

వంది గొంతు సవరించుకున్నాడు. "యువరాణీ ఇందుకళాదేవీ!"

ఆమె పాదాలు తడుపుకుంది. బిందెలో చెయ్యి ముంచేటప్పుడు ఒక్క క్షణం శరభాంకుడి ముఖంలోకి చూసింది. గడ్డం ఆమెను మోసగించలేదు. పెదవుల చివర చిన్న నవ్వు కదిలింది. భయం లేదని అతను కళ్ళతోనే చెప్పాడు. ఆ మాట చెప్పినందుకు అతను తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

ఇందుకళ పీఠం ఎక్కింది. "నాన్నగారూ, మీ ఉప్పు తిన్నాను. మీకు ద్రోహం..."

చచ్చిన చేయి దిండు మీంచి ఎగిరింది. అయిదు వేళ్ళూ ముడుచుకుని ఆమె చేతిని కరిచిపట్టాయి. రాజు భుజం అదిరింది, కిరీటం పక్కకు ఒరిగింది. కూటంలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు, మగవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి వెనక్కి పరిగెత్తారు. శవం వదలలేదు. కింద ఒక ముసలాయన ఆనందం పట్టలేక తీగెలు కలిపి, కలిపే ఉంచాడు.

"శరభా!" అని అరిచింది ఇందుకళ, చెయ్యి గుంజుకుంటూ. "నాన్న కాదు! ఇది మీ జివ్వే! ఇది మీ కొండ మీది జివ్వే!"

ఆ మాట అక్కడ ఒక్కడికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. పట్టుబడ్డ ద్రోహి ఏదో పిచ్చిగా పలవరిస్తోందనుకున్నారు. వేళ్ళు సడలగానే భటులు ఆమె రెక్కలు విరిచిపట్టారు. "తండ్రిని చంపింది! పాలలో విషం పోసింది!" అని పొద్దున్నుంచీ గొంతులో దాచుకున్న మాటను జనం ఇప్పుడు బాహాటంగా కక్కారు.

శరభాంకుడు బిందె విసిరికొట్టి పీఠం ముందుకు దూకాడు. తివాచీ కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. రాతినేల మీద గీత గీసినట్టు రాగితీగె మెరిసింది.

"చూడండయ్యా! చూడండి తల్లుల్లారా! రాజుగారు పట్టుకోలేదు, ఈ తీగె పట్టించింది! కింద లోహాల దొంతర ఉంది. దాని శక్తి ఈ తీగెలో వస్తుంది. చచ్చిన కప్ప కాలైనా తంతుంది, చచ్చిన రాజు చేయైనా పడుతుంది. అది నిజం చెప్పదు, అబద్ధం చెప్పదు, ఏమీ చెప్పదు!"

జనం తీగె వంక చూశారు. దుర్దముడూ చూశాడు. చూసి తాపీగా నవ్వాడు.

"స్తంభాలు రాగి. సింహాసనం రాగి. మన ఇళ్ళల్లో నీళ్ళు తాగే చెంబు రాగి. ఈ దేశంలో ఒక రాగితీగె కనపడటం వింతగా ఉందా నీకు? ఏ ఊరు నాయనా నీది? రాజు గొప్పా, కప్ప గొప్పా?"

కూటం గొల్లుమంది. శవం ఎదుట, కన్నీళ్ళు ఆరకుండానే నవ్వారు. మాటలతో లాభం లేదని శరభాంకుడికి తెలిసింది. కోపం తలకెక్కింది. ఆ కోపంలో, అన్నాళ్ళుగా కప్పల్ని చూసి తాను కనిపెట్టిందే, ఇంతకుముందు బిందె పడేసినప్పుడు కూడా గుర్తున్నదే, మరిచిపోయాడు.

"అయితే నన్ను పరీక్షించండి! ఈ రాజు బతికుండగా నేను ఈయన్ని కళ్ళారా చూడలేదు. ఈయన పాలగిన్నె నా చేతికి రాలేదు. నేను ద్రోహం చేసే వీలే లేదు. అయినా ఈ చేయి నన్నూ పట్టుకుంటుంది. పట్టుకుంటే ఒప్పుకుంటారా, ఇది శవం తీర్పు కాదని?"

"ఒప్పుకుంటాం!" అన్నారు ఎవరో వెనక నుంచి. "చూద్దాం, చూద్దాం!" అన్నారు అందరూ. వాళ్ళకు చూడ్డం ఎప్పుడూ ఇష్టమే.

దుర్దముడు వద్దనబోయి, ఏమనుకున్నాడో ఊరుకున్నాడు. శరభాంకుడు నేలమీద మిగిలిన ఉప్పునీళ్ళలో పాదాలూ చెయ్యీ తడుపుకుని పీఠం ఎక్కి, తన చేతిని రాజు చేతిలో పెట్టి, కాలితో దబదబా నేలను తన్నాడు.

"గురువుగారూ! కలపండి!"

కింద గురువు కలిపాడు. ఈ పనికి ఆయన ఎన్నడూ వద్దన్నవాడు కాదు.

జివ్వు వచ్చింది. పీఠం మీంచి శరభాంకుడి కాళ్ళలోకి, నడుములోకి, చేతిలోకి పిడుగులా పాకింది. బతికున్న చేయి ఎగిరిపడి గిలగిల కొట్టుకుంది. చచ్చిన చేయి కదల్లేదు. చన్నీళ్ళలో నానిన గుడ్డలా పడి ఉంది. కిటికీలోంచి ఎండ రాజు ముఖం మీద పడుతోంది. ఈగ ఒకటి పెదవి మీద వాలింది. అప్పుడు గుర్తొచ్చింది శరభాంకుడికి. ఎండెక్కాక పలకదు. ఎక్కువసేపు కలిపి ఉంచితే అసలే పలకదు. ఇందుకళ చేతిని పట్టుకోవడంతోనే ఆ చేతిలో మిగిలింది కాస్తా అయిపోయింది.

"కలపండి! గురువుగారూ, మళ్ళీ కలపండి!" అని అరిచాడు. కూటమంతా అతని వణికే చేతినీ, వణకని రాజు చేతినీ చూసింది.

చెంగమ్మ ముందుగా చేతులు జోడించింది. "ఎంత సత్యం నాయనా, ఎంత సత్యం! తప్పు లేనోణ్ణి ముట్టలేదు చూడండి. కన్నకూతురైనా తప్పు చేస్తే వదల్లేదు, దిక్కులేనోడైనా తప్పు లేకపోతే ముట్టలేదు!" అని ఏడ్చింది. ఆమె ఏడుపుతో పక్కవాళ్ళు ఏడ్చారు. అందరూ శవానికి సాగిలపడ్డారు. అప్పటిదాకా యువరాణి మీద ఏ కాస్త జాలి ఉన్నవాళ్ళకైనా ఇక అనుమానం మిగల్లేదు. ఆ అనుమానం తీర్చినవాడు శరభాంకుడే.

దుర్దముడు తన మెడలోని ముత్యాలహారం తీసి శరభాంకుడి మెడలో వేశాడు. "నీకు మతి చలించింది గాని, మనసు శుద్ధమైంది. ప్రభువే చెప్పారు. చితి వెలిగించేలోగా ద్రోహి తల తెగాలి. శుద్ధుడు కడిగి తెచ్చిన ఖడ్గంతోనే తెగాలి. అది మన ఆచారం" అని భటుల వైపు తిరిగి, "ఖడ్గం వీడి చేతికివ్వండి. ఉప్పునీళ్ళలో కడిగి తెస్తాడు. మెట్ల మీద ఇద్దరు కావలి ఉండండి" అన్నాడు. ఎంత తెలివైనవాడికైనా గెలిచిన క్షణంలో కాస్త ఒళ్ళు తెలియదు. శత్రువు చేతికి కత్తి ఇచ్చి నవ్వుకున్నాడు.

ఇందుకళను తీసుకుపోతున్నారు. అతని పక్కనుంచి పోతూ ఆమె ఆగింది. కళ్ళలో నీళ్ళు లేవు. చేతి మీద తండ్రి గోళ్ళ గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"రాగి పంపింది నేనే కదా శరభా" అంది. భటుడు నెట్టాడు.

శరభాంకుడు ఖడ్గం పట్టుకుని మెట్లు దిగాడు. ఊడిన గొళ్ళెం తలుపు తోశాడు. లోహపాదుడు దొంతర ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"రెండోసారి పలకలేదేం శరభా? అన్ని బిళ్ళలూ చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"ఎండెక్కింది గురువుగారూ" అన్నాడు శరభాంకుడు. ఖడ్గం మొన గురువు గొంతు మీద ఆనింది. "విద్య మీద ఒట్టేశారు."

లోహపాదుడు కత్తి వంక చూశాడు. భయపడ్డాడు, సిగ్గుపడ్డాడు కూడా. ముడతలు పడ్డ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "వేశాను నాయనా. ఆ పేరు వినగానే... ఇంకొక్క అవకాశం రాదనిపించింది. చేతులు వాటంతటవే కలిపాయి." తల దించుకునే గొణిగాడు. "నువ్వన్నదే నిజమేమో. ప్రాణం కాదేమో. చచ్చినవాటిలో మిగిలిన తడి ఏదో ఉన్నంతసేపే పలుకుతుందేమో. తేల్చుకోవాలంటే తాజాది కావాలి. చచ్చిన క్షణం నుంచీ చూడాలి. సాయంత్రం ఇస్తానని మంత్రిగారు మాటిచ్చారు."

సాయంత్రం చితి వెలిగించేలోగా తెగబోయేది ఒక్క తలే. శరభాంకుడి చెయ్యి ఒక్క వేటు వేస్తే అయిపోయేది. కాని ఈ ముసలాయన చస్తే దొంతర నడిపేవాడు లేడు, కింద జరిగింది చెప్పేవాడు లేడు. పైన ఉన్న జనం బతికున్నవాడి మాట వినరు. ఆ సంగతి ఇవాళ కళ్ళారా చూశాడు. వాళ్ళు వినేది శవం మాట ఒక్కటే. అది కూడా వెచ్చగా ఉండాలి.

అతను గురువు గొంతు మీంచి ఖడ్గం తీసి దొంతర పక్కనున్న ఉప్పునీళ్ళ కుండలో ముంచాడు. నెమ్మదిగా, శుభ్రంగా కడిగాడు.

"గుడ్డలు ఆరిపోతున్నాయి గురువుగారూ. తడపండి. సింహాసనం తీగె అక్కడే ఉందిగా?"

"ఉంది. ఎందుకూ?"

"రాజును దించి ఇంకొకణ్ణి కూర్చోబెడతాను. వాడి చేతిలో ఊరివాళ్ళు ఒక్కొక్కరూ చెయ్యి పెడతారు. ఎవరు పెట్టినా కలపండి. చెంగమ్మ పెట్టినా కలపండి. పసిపిల్ల పెట్టినా కలపండి. ఊళ్ళో ప్రతివాణ్ణీ శవం పట్టుకుంటే, అప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు, ఇదేమిటని."

లోహపాదుడి ముఖంలోకి వెలుగు తిరిగి వచ్చింది. "ఎవరిది?" అన్నాడు గురువు. శిష్యుడు మెడలోని మంత్రి ముత్యాలహారాన్ని వేలితో ఎత్తి చూపించాడు. పేరు చెప్పకపోయినా ఆయనకు అర్థమైంది. పేరు విని బాధపడే మనిషి ఆయనలో ఎప్పుడో పోయాడు.

పైన చితి పేర్చడం మొదలైందని కొమ్ములు ఊదుతున్నారు. కావలి భటులు మెట్ల మీద ఒక్కసారే లేచి నిలబడ్డ చప్పుడయింది. ఆలస్యమెందుకయిందో చూడ్డానికి దుర్దముడు తానే దిగి వస్తున్నాడు. కొత్త పట్టుపంచె అంచు మెట్ల మలుపులో కనిపించింది.

శరభాంకుడు ముత్యాలహారం తెంపి పారేశాడు. కప్పల్ని చంపేటప్పుడు ఒకప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఇప్పుడు తెరిచే ఉంచి, ఖడ్గం రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాటాడు. వెనక నుంచి గురువు గుసగుసగా, కొండ మీద పాఠం చెప్పిన గొంతుతోనే పిలిచాడు.

"శరభా! కుడిభుజం మీద వేటు పడకుండా చూడు నాయనా. అక్కడి నరం తెగితే చేయి పలకదు."